రెండో చుట్టు

ఉద్యోగం నుంచి దిగిపోయినా ఆ సిమ్ కార్డు మాత్రం నేను వదల్లేదు. ఇంట్లోవాళ్ళు చెప్పి చెప్పి విసిగిపోయారు. "ఇంట్లో కూర్చున్నాక ఆ నంబరు నీకు యాలమ్మా" అంటారు. నాకు అక్కర్లేదు, నిజమే. కానీ ఆ నంబరు ఎక్కడెక్కడో ఎవరెవరి ఫోన్లలోనో కాపురం పెట్టింది. దాన్ని నేను వదిలినా అది నన్ను వదలదు.

మీలో చాలామంది ఇప్పుడు సేవా సంస్థల్లో పని చేస్తున్నారు. పేజీలు నడుపుతారు, గ్రూపులు పెడతారు, వీడియోలు తీస్తారు. అప్పుడప్పుడు నా దగ్గరికి వచ్చి, "మేడం, మన మాట ఎక్కువమందికి చేరాలంటే ఏం చేయాలి?" అని అడుగుతారు. మాట చేర్చడం గురించి నాకు తెలిసింది తక్కువే. చేరిన మాట ఆగకపోతే ఏమవుతుందో మాత్రం ఈ జిల్లాలో నాకు తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలియదు. అందుకే అదే చెప్తాను, వినండి.

ఆదోనిలో మాది చిన్న సంస్థ. పత్తి మార్కెట్‌కు పోయే దారిలో మేడ మీద ఒక గది, కింద ఎరువుల దుకాణం. రక్తం ఇచ్చేవాళ్ళను కూడగట్టి, అవసరమైనవాళ్ళకు కలపడం మా పని. సంస్థ పెట్టింది ఒక సైన్సు మాస్టారు. బడి నుంచి రిటైరయ్యాక ఊరికే కూర్చోలేక పెట్టారు. ఆయన్ను అందరం సార్ అనేవాళ్ళం. నా పని ఫోన్. ఎవరికి ఏ గ్రూపు కావాలో వినడం, ఇచ్చేవాళ్ళకు ఫోన్ చేసి బతిమాలడం. నాకు కోపం ఎక్కువని ఊరంతటికీ తెలుసు. సార్‌కు ఇంకా బాగా తెలుసు. "నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందమ్మా" అని ప్రతి ఉదయం దండకం చదివినట్టు చదివి, మళ్ళీ నన్నే ఫోన్ దగ్గర కూర్చోబెట్టేవారు. నా నోరు బాగుచేయడానికే ఆ ఉద్యోగం ఇచ్చారేమో అని నాకు ఇప్పటికీ అనుమానం.

ఫోన్లో గ్రూపులు రాకముందు మాకు ఆపద్బాంధవుడు మైకన్న. అసలు పేరుతో ఆయన్ను ఎవరూ పిలవరు. ఆటో మీద రెండు హారన్లు, లోపల ఒక యాంప్లిఫయర్, చేతిలో మైకు. మార్కెట్‌కు సెలవన్నా, నీళ్ళ ట్యాంకర్ రాదన్నా, కొత్త సినిమా వచ్చిందన్నా, ఎవరైనా కాలం చేశారన్నా ఆదోనికి తెలిసేది ఆయన గొంతులోనే. మాకు రక్తం కావలసి వస్తే సార్ నాలుగు ముక్కలు రాసిస్తారు. "రేపు ఉదయం పది గంటలలోపు దాతలు ఆసుపత్రికి రావలెను" అని. మైకన్న దాన్ని రాగం పెట్టి ఊరంతా తిప్పుతాడు. ఈ రోజు చెప్పిన మాటలో రేపు అంటే రేపే. ఆటో వీధి మలుపు తిరగ్గానే ఆ మాట గాలిలో కలిసిపోయేది. తారీఖు చెప్పాలన్న ఆలోచన ఎవరికి వస్తుంది?

మైకన్నకు ఒక పద్ధతి ఉండేది. పిల్లాడు తప్పిపోతే ఒక చుట్టు తిరిగి చెప్తాడు. దొరికాక రెండో చుట్టు తిరిగి, దొరికాడని చెప్తాడు. రెండో చుట్టుకు కిరాయి అడిగేవాడు కాదు. ఎందుకన్నా, డీజిల్ దండగ కదా అని ఒకసారి అడిగాను.

"ఊరికంతా ఫికర్ పెట్టింది మనమే కదక్కా. ఆ ఫికర్ తీసేది కూడా మనమే. లేకుంటే ఆ బిడ్డ యాడుండాడో అని ఏదో ఒక ముసలామె అన్నం తినకుండా కూర్చుండుంటాది" అన్నాడు.

మంచి మాట అనుకున్నాను. అనుకుని మరిచిపోయాను.

ఇక పాప సంగతి. ఎమ్మిగనూరులో మగ్గం నేసే ఒకాయన కూతురు. అప్పటికి తొమ్మిదేళ్ళు. తలసీమియా అంటే ఒంట్లో రక్తం సరిగ్గా తయారు కాని జబ్బు. మూడు నాలుగు వారాలకు ఒకసారి ఎవరో ఒకరి రక్తం ఎక్కిస్తేనే ఆ పిల్ల లేచి తిరుగుతుంది. ఆలస్యమైతే ముఖం పాలిపోయి, మెట్లెక్కలేక మధ్యలోనే కూర్చుండిపోతుంది. దానికి తోడు ఆ పాపది ఓ నెగటివ్. ఓ నెగటివ్ రక్తం ఎవరికైనా ఎక్కించవచ్చు గానీ, ఓ నెగటివ్ మనిషికి మాత్రం ఓ నెగటివ్ తప్ప వేరేది పనికిరాదు. వచ్చినవాళ్ళందరికీ పెట్టే ఇల్లు, తనకు ఆకలైతే మాత్రం ఒక్క గడపకే పోవాలన్నట్టు. ఒకరు ఒకసారి ఇస్తే మళ్ళీ మూడు నెలలు ఆగాలి. మాకు తెలిసిన ఓ నెగటివ్ మనుషులు ఆదోనిలో గుప్పెడుమంది. వాళ్ళనే తిప్పి తిప్పి అడిగేదాన్ని.

పాప మాత్రం జబ్బు మనిషిలా ఉండేది కాదు. గలగలా మాట్లాడేది. నన్ను పెద్దమ్మా అనేది. రక్తం ఎవరిచ్చారో, వాళ్ళేం పని చేస్తారో, ముందురోజు ఏం తిన్నారో తనకు తెలియాలి. ఒకసారి పోలీసు ఆయన ఇచ్చాడు. తరవాతి నెల వచ్చి, "పెద్దమ్మా, ఆయన రక్తం ఎక్కినప్పట్నుంచి నాకు కోపం ఎక్కువొస్తాంది. మా నాయన్ను గదమాయిస్తాండా" అంది. అయితే నా రక్తం ఎక్కకపోవడమే మంచిదమ్మా అన్నాను. వాళ్ళ నాయన తల వంచుకుని నవ్వాడు. ఆయన మాటలు చాలా తక్కువ. రోజంతా మగ్గం చప్పుడులో ఉండి ఉండి మాట్లాడడం అనవసరమనుకున్నాడేమో.

ఆ రోజుల్లోనే మా ఆఫీసుకు ఒక పిల్ల వచ్చింది. డిగ్రీ చదివి, కంప్యూటర్ నేర్చుకుని, ఎప్పుడు చూసినా ఫోన్లో వేళ్ళు ఆడించేది. సార్ ఆమెను మెచ్చుకున్నప్పుడల్లా నాకు కొంచెం ఒళ్ళు మండేది. ఆమె వచ్చాకే మేము వాట్సాప్‌లోకి దిగాం. ఒకసారి పాపకు రక్తం కావలసి వచ్చి, మైకన్న కర్నూలు పోయి ఉంటే, ఈ పిల్ల సార్ రాసిన మైకు ముక్కలనే ఫోన్లో ఎక్కించింది. ఒక్క అక్షరం మార్చలేదు. "అత్యవసరం. తొమ్మిదేళ్ళ పాప. ఓ నెగటివ్ రక్తం. రేపు ఉదయం పది గంటలలోపు దాతలు ఆదోని ఆసుపత్రికి రావలెను." కింద నా నంబరు. ముగ్గురం చదివాం, ముగ్గురికీ బాగుందనిపించింది.

ఆ సాయంత్రానికే ఇద్దరు దాతలు దొరికారు. సార్ కళ్ళు చెమర్చాయి. మైకన్న వచ్చాక, "ఇంక నాకు పని లేదు పో" అని నవ్వుతూనే అన్నాడు గానీ, ఆ నవ్వు నాకు నచ్చలేదు.

మర్నాడు ఇంకో పదిమంది ఫోన్ చేశారు. వద్దు, దొరికింది, చాలా సంతోషం అన్నాను. వారం తరవాత అనంతపురం నుంచి, బళ్ళారి నుంచి వచ్చాయి. నెల తరవాత హైదరాబాదు నుంచి. ఒకాయన దుబాయి నుంచి చేసి, రేపటిలోగా విమానం దొరకదేమోనని బాధపడ్డాడు. మీరు దుకాణాల్లో చూసి ఉంటారు, "అరువు రేపు" అని బోర్డు రాసి తగిలిస్తారు. ఎప్పుడు పోయినా అది రేపే. మా మెసేజ్ కూడా సరిగ్గా అట్లాగే తయారైంది. ఎవరు చూసినా, ఎప్పుడు చూసినా, ఆ పాపకు రేపే రక్తం కావాలి.

మంత్రాలయంలో దర్శనం వరుసలో ఉండగా ఫోన్. మా బంధువుల పెళ్ళిలో తలంబ్రాల వేళ ఫోన్. ముద్ద నోట్లో పెట్టుకుంటే ఫోన్. అందరూ మంచివాళ్ళే. మేలు చేయాలనుకునేవాళ్ళను కసురుకోలేం, అదే కష్టం. మొదట్లో ప్రతివాళ్ళకూ వివరంగా చెప్పేదాన్ని. తరవాత్తరవాత నా నోటికి ఒకటే పాఠం అలవాటైంది. "అది పాతది నాయనా. ఆ పాపకు ఎప్పుడో దొరికింది. ఉంటాను." ఏడాది తిరిగేసరికి నిద్రలో లేపి అడిగినా ఆ మూడు ముక్కలు అప్పజెప్పేదాన్ని.

ఒకరోజు నేను ఫోన్‌ను బల్ల మీద విసిరేస్తే, కంప్యూటర్ పిల్ల భయపడి మందు కనిపెట్టింది. పాత మెసేజ్‌ను ఫోటో తీసి, దాని మీద ఎర్రగా పెద్ద ముద్ర వేసింది. "ఇది పాతది. నమ్మకండి. పంపకండి." సంస్థ పేరుతో అన్ని గ్రూపులకూ పంపింది. మందు బ్రహ్మాండంగా పనిచేసింది. ఆ ఎర్ర ముద్ర పాత మెసేజ్ కంటే వేగంగా పాకింది. ఫోన్లు తగ్గాయి. ఆ పిల్ల మీద నాకు మొదటిసారి ప్రేమ పుట్టి, అందరికీ ఉగ్గాని, బజ్జి తెప్పించాను. అది తింటూ కొత్త సిమ్ కూడా తెచ్చుకున్నానని, విజయదశమి మంచిరోజు కాబట్టి ఆ రోజు నంబరు మార్చేస్తానని చెప్పాను.

ఆ దసరాకు ముందురోజే ఇప్పుడు చెప్పబోయేదంతా జరిగింది.

పొద్దున్నే ఎమ్మిగనూరు బస్సులో పాపను తీసుకుని వాళ్ళ నాయన వచ్చాడు. మర్నాడు ఎక్కించాలి. ఇస్తానన్న దాతకు ఆ ఉదయమే జ్వరం తగిలింది. మిగిలినవాళ్ళలో ఒకరు నెల కిందటే ఇచ్చారు, ఒకరికి బీపీ, ఒకరు పండగకు ఊరు వెళ్ళారు. రక్తనిధికి పోయి అడిగాను. దసరా రాత్రి దేవరగట్టులో బన్ని ఉత్సవం. కర్రలు లేస్తాయి, తలలు పగులుతాయి. ఆ రెండు రోజులు ఉన్న కాస్త ఓ నెగటివ్‌ను ప్రాణం మీదికి వచ్చినవాళ్ళ కోసం ఆపి ఉంచుతారు. ఆపడం న్యాయమే. నేనైనా ఆపేదాన్నే. కర్నూలు అడిగాం, బళ్ళారి అడిగాం, అక్కడా లేదు. డాక్టర్ పాప కనురెప్ప కిందికి లాగి చూసి, రేపు దాటనివ్వద్దమ్మా అన్నాడు. ఆ పిల్ల మా మేడ మెట్లు ఎక్కలేక తండ్రి భుజం మీద వచ్చింది. గోడవారగా బెంచీ మీద పడుకోబెట్టాం. ఆ రోజు అది మాట్లాడలేదు, దాంతో నాకు నిజంగా భయమేసింది.

మధ్యాహ్నం దాకా ఫోన్లు చేస్తూనే ఉన్నాను. చెవి కాలిపోతోంది. అప్పుడే ఒక ఫోన్ వచ్చింది. కొత్త నంబరు.

"మేడం, ఆ మెసేజ్ చూసినాను. నాది ఓ నెగటివ్. బెంగళూరులో క్యాబ్ నడుపుతాను. దసరాకని హొళగుంద కాడ మా ఊరికొచ్చిండాను. రేపే అంటాండారు కదా..."

"అది పాతది నాయనా. ఆ పాపకు ఎప్పుడో దొరికింది. ఉంటాను" అన్నాను. పెట్టేశాను. వెంటనే ఇంకో దాత నంబరు వెతకడం మొదలుపెట్టాను.

బెంచీ మీద నుంచి సన్నగా ఒక గొంతు వచ్చింది.

"పెద్దమ్మా, ఎవరికి దొరికింది?"

"ఎవరికో లేమ్మా, పడుకో."

"పాపకు దొరికిందని సెప్తివే. ఏ పాపకు?"

నా చేయి ఆగిపోయింది. కంప్యూటర్ పిల్ల తలెత్తి నన్ను చూసింది. వాళ్ళ నాయన కూడా చూశాడు. ఏడాదిగా అబద్ధమై తిరుగుతున్న ఆ మెసేజ్‌లో పాప వయసు తప్ప ప్రతి ముక్కా ఆ రోజు నిజమే. అదే పాప, అదే రక్తం, అదే ఆసుపత్రి, రేపే. నేనే వద్దని పెట్టేశాను. అప్పుడు నా మీద నాకొచ్చిన కోపం ముందు అంతకుముందు ఊరి మీద పడిన కోపమంతా ఒక లెక్కలోది కాదు.

వెంటనే చేశాను. స్విచ్ ఆఫ్. మళ్ళీ చేశాను. స్విచ్ ఆఫ్. పేరు అడగలేదు, ఏ ఊరో అడగలేదు. హొళగుంద చుట్టూ ఎన్ని పల్లెలు, ఎక్కడని పోయి వెతుకుతాం?

కంప్యూటర్ పిల్ల కొత్త మెసేజ్ రాసింది. ఈసారి తారీఖు, వారం, గంటతో సహా అన్నీ రాసింది. గ్రూపులన్నింటికీ పంపింది. నిమిషాల్లో జవాబులు మొదలయ్యాయి. ఆశగా వంగి చూశాను. ఒక గ్రూపులో మా ఎర్ర ముద్రనే తెచ్చి మాకే తగిలించారు. "ఇది పాతది. నమ్మకండి." ఇంకో గ్రూపులో ఎవరో పెద్దమనిషి, పండగ పూట కూడా ఈ దొంగ మెసేజ్‌లా అని తిట్టాడు. మరో గ్రూపు నుంచి ఆ పిల్లను తీసేశారు. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందంటారే, సరిగ్గా అదే మా గతి. నమ్మొద్దని మేమే చెప్పాం. జనం మా మాట విన్నారు.

ఆ పిల్ల ఏడ్చేసింది. తిట్టడానికి నాకు ఓపిక లేదు, ఓదార్చడం నాకు రాదు. పోయి పక్కన కూర్చున్నాను. అప్పుడు పాప వాళ్ళ నాయన నోరు తెరిచాడు.

"అక్కా, మైకు ఏయించకూడదా?"

మైకు వేయిస్తే ఆదోనిలోనే కదప్పా వినేది, ఆదోనిలో ఉన్న ఓ నెగటివ్‌లందరినీ అడిగేశాం కదా అన్నాను. కానీ కంప్యూటర్ పిల్ల కళ్ళు తుడుచుకుని లేచింది. "అక్కా, మైకన్న గొంతు గ్రూపుల్లోకి పంపిస్తే? బెంగళూరులో ఉండే మనోళ్ళకు గూడా ఆ గొంతు తెల్సు కదా. రాసిండేది నమ్మరు గానీ, ఆయప్ప గొంతును పాతదంటారా ఎవరన్నా?"

మైకన్న పిలవగానే వచ్చాడు. సంగతి విని, పాప తల నిమిరి, ఎక్కడ మాట్లాడాలి అన్నాడు. ఆ పిల్ల ఫోన్ ఆయన నోటి ముందు పెట్టింది. ఆదోని నడిబజారులో వేలమంది ముందు బెదరని మనిషి, ఆ చిన్న ఫోన్ ముందు ఇన్స్పెక్టర్ వచ్చిన రోజు బడిపిల్లాడిలా బిగుసుకుపోయాడు. "సోదర... సోదరీ..." అంటాడు, గొంతు తడారిపోతుంది. మూడుసార్లు చెరిపి మళ్ళీ చెప్పించాం.

"నాతో కాదక్కా. ఎదురుగా మనిషి లేకుండా ఎవరితో మాట్లాడాల? గోడతో మాట్లాడినట్టుండాది" అని చెమట తుడుచుకున్నాడు.

"అట్లయితే ఆటో తియ్ అన్నా, ఊర్లోనే చెప్పు" అంది ఆ పిల్ల. ఆటోలో ఆయన పక్కన ఎక్కి కూర్చుని, ఫోన్ హారన్ వైపు పట్టుకుంది. వెనక సీట్లో పాపను ఒళ్ళో పెట్టుకుని నేను, వాళ్ళ నాయన. ఆటో కదలగానే మైకన్న ఎప్పటి మైకన్న అయిపోయాడు. మైకులోకి రెండుసార్లు ఊది, గొంతు సవరించుకున్నాడు.

"ఆదోని పట్టణ ప్రజలారా, సోదర సోదరీమణులారా. ఈ పొద్దు దసరాకు ముందురోజు. నేను మీ మైకన్నను, ఇప్పుడు మార్కెట్ యార్డు ముందర నిలబడి చెప్తాండాను. ఇది పాత మాట కాదు. పాప నా ఆటోలోనే ఉండాది. ఓ నెగటివ్ రక్తం కావాల. రేపు పొద్దున పాపకు ఎక్కించాల, కాబట్టి ఇచ్చేవాళ్ళు ఈ పొద్దు సాయంత్రానికే ఆసుపత్రికి రావాల. దూరంగా ఉండేవాళ్ళు, మీ ఊర్లో ఎవరిదన్నా ఓ నెగటివ్ ఉంటే వాళ్ళకు చెప్పండి." తారీఖు కూడా రెండుసార్లు చెప్పాడు. మధ్యలో ఎమ్మిగనూరు బస్సు హారన్ కొట్టింది, ఎవరిదో మేక అరిచింది, జొన్నరొట్టెలమ్మే ఆమె "ఏమైందన్నా" అని కేకేసింది. ఆ పిల్ల ఒక్కటీ తీసేయకుండా అట్లాగే గ్రూపుల్లోకి వదిలింది.

తరవాత తెలిసింది, జనం నమ్మింది సగం గొంతు విని, సగం ఆ చప్పుళ్ళు విని. బెంగళూరులో పని చేసే ఒకమ్మాయి, ఆ బస్సు హారన్ వినగానే ఇల్లు గుర్తొచ్చి ఏడ్చానని రాసింది. జవాబులు వరదలా వచ్చాయి. ఒక్కరు కూడా పాతది అనలేదు. కానీ దూరాల్లో ఉన్నవాళ్ళే ఎక్కువ. సాయంత్రానికల్లా ఆదోని చేరగలిగినవాళ్ళు ఒక్కరూ లేరు. పొద్దు వాలుతోంది. ఆసుపత్రి వరండాలో పాపను ఒళ్ళో వేసుకుని కూర్చున్నాను. మనసులో మొక్కని దేవుడు లేడు.

మోటారు సైకిల్ మీద ఇద్దరు దిగారు. ముందున్నాయనకు కాళ్ళకు చెప్పులు లేవు, నుదుట పసుపు. దేవరగట్టు ఉత్సవానికి నిష్ఠలో ఉన్నవాళ్ళు చెప్పులు వేసుకోరు. వెనకున్నాయన అతని బావమరిదట. చెప్పులు లేని ఆయన నన్ను చూసి, గొంతు గుర్తుపట్టడానికేమో, ముందు నా చేత రెండు మాటలు మాట్లాడించాడు. తరవాత నవ్వాడు.

"మధ్యానం ఫోన్ చేసిండేది నేనే మేడం. మీరేమో వద్దంటిరి. ఛార్జింగ్ అయిపోయి ఫోన్ పక్కన పడేసినా. మా బావమరిది ఫోన్లో మైకన్న రమ్మనె. మా ఊర్లో మైకు మాటే వింటారు" అన్నాడు.

నాకు ఏడుపొచ్చింది. దాచుకోలేదు. తప్పయింది నాయనా అన్నాను. "అయ్యో, ఊరుకోమ్మా" అని ఆయనే కంగారు పడ్డాడు.

రక్తం తీసే ఆయన నిష్ఠ సంగతి చూసి, ఇచ్చాక రేపు కర్ర పట్టకూడదు, గట్టు ఎక్కి గంతులేయకూడదు అని గట్టిగా చెప్పాడు. బావమరిది కూడా అడిగాడు, "పండగ ముందర ఒంట్లో రక్తం తీపిచ్చుకుంటే ఎట్లా బావా? ఇంట్లో అక్క ఒప్పుకుంటాదా?"

"గట్టు మీద ఎట్లాగూ కారేదే కదప్పా. ఈడ కారితే పాపకన్నా పనికొస్తాది. రేపు నేను దూరంగా నిలబడి చూస్తాలే" అన్నాడు ఆయన, చెయ్యి చాపుతూ.

పాప కళ్ళు తెరిచి అతన్నే చూస్తోంది. నీరసంగానే అడిగింది, "అన్నా, నిన్న ఏం తిన్నావు?" నిష్ఠ కదమ్మా, వట్టి అన్నం, బెల్లం అన్నాడు. "బెల్లమా" అని పాప తృప్తిగా కళ్ళు మూసుకుంది. మర్నాడు రక్తం ఎక్కింది. ఆ సాయంత్రం మెట్లు తనే దిగింది.

కానీ నేను చెప్పదలుచుకున్నది దసరా సంగతి కాదు, దానికి ముందురోజు దీపాలు పెట్టే వేళ సంగతి. రక్తం సంచీ చేతికొచ్చిందని తెలియగానే మైకన్న ఆటో స్టార్ట్ చేశాడు. యాడికన్నా, ఇంటికా అన్నాను.

"రెండో చుట్టు ఏయొద్దా అక్కా?" అన్నాడు, ఇదేం ప్రశ్న అన్నట్టు.

కంప్యూటర్ పిల్ల, నేను ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. ఏడాది పాటు మేము పడిన బాధంతా ఆ ఒక్క మాటలో ఉంది. ఫోన్లో మొదటి చుట్టు తిప్పాం. రెండో చుట్టు వేయలేదు. దొరికిందని చెప్పడం మానేసి, నమ్మొద్దని చెప్పాం. ఆ రెండింటికీ ఎంత తేడా ఉందో అప్పుడు తెలిసింది. ఆ పిల్ల పరుగెత్తి కదులుతున్న ఆటోలో ఎక్కింది. "రక్తం దొరికింది. ఇచ్చిన తమ్ముడు హొళగుంద కాడోడు. పాప బాగుండాది. ఫికర్ పడినవాళ్ళందరికీ సలాం" అన్న మైకన్న గొంతు ఆ సాయంత్రం గ్రూపులన్నింట్లోకీ పోయింది.

దానికి వచ్చిన జవాబులు మొదటిదానికంటే ఎక్కువ. అందులో చాలామంది అడిగింది ఒకటే, మరి వచ్చేసారి? అప్పుడు మొదలుపెట్టాం. ఫోన్ చేసినవాళ్ళను వట్టినే పంపేయడం మానుకున్నాను. మీ ఊరేది, మీ రక్తం ఏది, ఎప్పుడెప్పుడు ఇటు వస్తుంటారు అని అడిగాను. వంతులు వేసుకున్నాం. బెంగళూరు, బళ్ళారి, ఎమ్మిగనూరు నుంచి పండగలకు, పెళ్ళిళ్ళకు, జాతరలకు ఊరొచ్చేవాళ్ళు తమ వంతు చూసుకుని ఆసుపత్రికి వచ్చి పోయేవారు. అప్పటి నుంచి ఆ పాప కోసం ఎవరినీ బతిమాలలేదు నేను. ఆ తరవాత మరో ఇద్దరు ముగ్గురు పిల్లలకూ అట్లాగే కుదిర్చాం. మేము పంపిన ప్రతి మాటకూ తారీఖు ఉంటుంది. ప్రతి మాటకూ రెండో చుట్టు ఉంటుంది. మీరు కొత్తగా పంపే వీడియోలు బాగుంటాయి, చూస్తుంటాను. పంపినాక ఏమైందో చెప్పరు, అదే నా ఫిర్యాదు. జనం మీకు రెండోసారి కూడా సాయం చేయాలంటే, మొదటిసారి ఇచ్చింది ఎక్కడికి చేరిందో వాళ్ళకు తెలియాలి కదా.

కొన్న కొత్త సిమ్ ఇంకా బీరువాలో ఎక్కడో ఉంది. సార్ వెళ్ళిపోయారు. మైకన్న ఆటో అల్లుడికి ఇచ్చేశాడు గానీ, మాకు కావలసినప్పుడు మాత్రం ముందు సీట్లో ఎక్కి కూర్చుంటాడు. ఇప్పటికీ ఫోన్‌తో మాట్లాడడు, వీధితోనే మాట్లాడతాడు. కంప్యూటర్ పిల్లే ఇప్పుడు నా కుర్చీలో ఉంది. నాకంటే నోరు మంచిది.

పాపకు ఈ మధ్యనే ఆదోనిలో డిగ్రీ సీటు వచ్చింది. రక్తం ఎక్కించుకునే వారం కాలేజీ అయ్యాక మా ఇంటికి వస్తుంది. పోయిన వారం వచ్చి, నేను కొర్రన్నం వండుతుంటే వంటింటి గడప మీద కూర్చుని, తనకు ఈసారి ఎక్కబోయే రక్తం ఒక లారీ డ్రైవర్‌దని, కాబట్టి తొందరగా ఊళ్ళు తిరగాలనిపిస్తుందని చెప్తోంది. అంతలో ఫోన్ మోగింది. కొత్త నంబరు. నా చేతులు తడి. నువ్వే చూడమ్మా అన్నాను.

అవతల ఎవరో కుర్రాడు, గొంతు పెద్దగా ఉంది, నాకూ వినిపిస్తోంది. మెసేజ్ ఇప్పుడే చూశాడట. తొమ్మిదేళ్ళ పాపట, ఓ నెగటివ్ అట, రేపు పది గంటలకట. ఆలస్యమైపోయిందా అక్కా అని అడుగుతున్నాడు.

పాప నా వైపు చూసింది.

"లేదన్నా, ఆలస్యం కాలేదు" అంది. "ఆ పాపను నేనే. ఇప్పుడు డిగ్రీ సదువుతాండా. రేపటికి దొరికిందన్నా. వచ్చే నెలకు మీ పేరు రాసుకుంటాను, సెప్పండి, మీది ఏ ఊరు?"